ఒకే ఫైల్లో రెండు కొట్లు

ఆ వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. కొట్లవాళ్ల పద్దులు రాస్తుంది కాబట్టి పద్దులక్క. ఆమె కంటే పదేళ్లు పెద్దవాడైన తాళాలకొట్టు ముసలాయన కూడా నోరారా అక్కా అనే పిలుస్తాడు. మొదట్లో ఆమెకు ఇబ్బందిగా ఉండేది. వరస కలపకుండా లెక్కలు చూపించుకోవడం మనుషులకు కష్టమని తర్వాత్తర్వాత అర్థమైంది. పరాయి మనిషి ముందు నష్టం ఒప్పుకోవడం కంటే అక్క ముందు ఒప్పుకోవడం తేలిక.

ఆమెకు యాభై ఆరేళ్లు. రోజూ ఉదయం తొమ్మిదిన్నరకు గుడ్డసంచి భుజాన వేసుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తొమ్మిది కొట్లు తిరుగుతుంది. ముందురోజు బిల్లులు ఒక్కో కొట్లో ఒక్కో చోట ఉంటాయి. తాళాలాయన మేకుకు గుచ్చి పెడతాడు. చెప్పులకొట్టాయన ఖాళీ చెప్పుల డబ్బాలో పడేస్తాడు. ఇస్త్రీ చేసే ఆయన చొక్కా జేబులో మరిచిపోతాడు, అవి చక్కగా ఇస్త్రీ అయి వస్తాయి. మందులషాపు అమ్మాయి మాత్రం తారీఖుల వరసలో సర్ది క్లిప్పు పెట్టి అందిస్తుంది. ఆ అమ్మాయిని చూస్తే పద్దులక్కకు కడుపు నిండినట్టు ఉంటుంది.

పదో తరగతిలో ఆమె ఒక్క లెక్కల పరీక్షలోనే తప్పింది. ఈ సంగతి తనే అందరికీ చెప్పి నవ్వుతుంది. పరీక్ష తప్పిన పిల్ల ఇంట్లో ఊరికే ఉండటం దేనికని మేనమామ తన కాగితాల గోదాములో కూర్చోబెట్టాడు. అక్కడి ముసలి గుమాస్తా ఆమెకు పని నేర్పాడు. రాసేటప్పుడు మనిషి మొహం గుర్తు తెచ్చుకోకూడదు, పుస్తకం మూసేశాక పద్దు గుర్తు తెచ్చుకోకూడదు అని ఆయన పదేపదే చెప్పేవాడు. రెండో మాటే కష్టమని ఆమెకు పెళ్లయి, ఈ వీధికి వచ్చి, ఇల్లిల్లూ కొట్టుకొట్టూ తెలిశాక బోధపడింది. ఎవరి కొట్టు ఎవరి డబ్బుతో నడుస్తోందో, ఎవరు కొత్త బండి కొని పాత బాకీ తీర్చలేదో ఆమెకు తెలుసు. తెలిసింది సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతుంది. పక్క కొట్టుకు మోసుకుపోదు. ఆ వీధిలో ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

ఆమె భర్త బస్సు కండక్టరుగా చేసి దిగిపోయాడు. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె బల్ల, దాని మీద కంప్యూటరు. ఎదురుగా ఆయన వాలుకుర్చీ. ఆమె పని చేసుకుంటుంటే ఆయన పేపరు చదువుతూ మధ్యమధ్యలో ప్రపంచం మీద ఒక మాట విసురుతుంటాడు. ఆమె ఊ కొడుతుంది.

ఈ వీధిలో ఆమె రాసిన మొదటి పద్దు అద్దాలకొట్టుది. కిటికీలకూ అల్మరాలకూ అద్దాలు కోసివ్వడం, ఫొటోలకు ఫ్రేములు కట్టడం, రెండూ ఒకే కప్పు కింద తండ్రీ ఇద్దరు కొడుకులూ చూసుకునేవారు. తండ్రి పోయాక అది రెండేళ్లు నిలబడలేదు. చిన్నవాడు ఫ్రేములు కోసే యంత్రం కొందామన్నాడు. చేతిరంపం ఉండగా యంత్రం దేనికి అన్నాడు పెద్దవాడు. మాటా మాటా పెరిగింది. ఎప్పటెప్పటి సంగతులో పైకి వచ్చాయి. చివరికి కొట్టు మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. అద్దాలు, ఫ్రేములు అని రాసున్న తండ్రినాటి బోర్డును చిన్నవాడు నిలువునా మధ్యకి కోశాడు. రంపం పని వచ్చినవాడు కాబట్టి కోత మాత్రం తేడా లేకుండా వచ్చింది. అప్పటినుంచీ పెద్దవాడు అద్దాలాయన, చిన్నవాడు ఫ్రేములాయన. ఫ్రేములో బిగించడానికి అద్దం కావాలంటే ఫ్రేములాయన నాలుగు వీధులవతల నుంచి తెప్పించుకుంటాడు గానీ గోడవతల అడగడు.

ఎనిమిదేళ్లుగా ఇద్దరి పద్దులూ పద్దులక్కే రాస్తోంది.

ఆ సోమవారం ఆమె వెళ్లేసరికి ఫ్రేములాయన స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. అప్పుడే ఆమెకు ఏదో ఉందనిపించింది. మామూలుగా ఆ స్టూలు మీది రంపపుపొట్టు ఆమే దులుపుకుంటుంది. టీ తెప్పించాడు. బ్యాంకు అప్పు తీసుకుని పెద్ద యంత్రం కొంటున్నానని చెప్పాడు. ఆ కాగితాలన్నీ చూడటానికి బావమరిది మెయిన్‌రోడ్డు మీద ఆఫీసున్న అకౌంటెంటును కుదిర్చాడనీ, ఇకమీదట పద్దులు కూడా ఆయనే చూస్తాడనీ టీగ్లాసు వైపు చూస్తూ చెప్పాడు.

"నీ పని బాగాలేదని కాదక్కా."

"సంబంధం వద్దని చెప్పడానికి వచ్చినవాడిలా ఆ మొహమేంటి? పద్దులే కదా," అంది ఆమె. "రెండ్రోజుల్లో కాగితాలన్నీ కట్టలు కట్టి ఇస్తా."

"కాగితాలతో పాటు కంప్యూటర్లో ఫైలు కూడా అడిగాడు. మొత్తం ఎనిమిదేళ్లదీ." జేబులోంచి పెన్‌డ్రైవు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నెలాఖరులోపు బ్యాంకులో ఇవ్వాలంట."

ఆమె దాన్ని సంచిలో వేసుకుంది. టీ సగంలో వదిలేసి లేచింది.

పోయినవాడి గురించి ఆమెకు పెద్దగా దిగులు లేదు. వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు పోతారు. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది ఫైలు మాటకే. ఎందుకంటే ఫ్రేములాయనకు విడిగా ఫైలంటూ లేదు.

ఆమె లావుపాటి పుస్తకాలు వదిలి కంప్యూటరుకు మారి తొమ్మిదేళ్లు. తమ్ముడి కూతురు నాలుగు ఆదివారాలు పక్కన కూర్చుని నేర్పింది. ఒక్కో కొట్టుకు ఒక్కో ఫైలు తెరవాలని ఆ పిల్ల చెప్పింది. అప్పటికి అన్నదమ్ములది ఒకే కొట్టు కాబట్టి ఒకే ఫైలు. మరుసటి ఏడాది గోడ లేచింది. అప్పుడైనా రెండో ఫైలు తెరవాల్సింది. తెరవలేదు. పాత లెక్కలు చెదిరిపోతాయేమోనన్న భయం కొంత. ఏడాది తిరక్కుండా మళ్లీ కలిసిపోతారు, ఈమాత్రం దానికి విడదీయడం దేనికన్న ఆలోచన ఎక్కువ. అదే ఫైల్లో రెండు శాఖలు పెట్టింది, అద్దాలు, ఫ్రేములు అని. ఏటా ఎవరి లెక్క వాళ్లకు విడిగా కాగితం మీద తీసిచ్చేది. ఏడాది రెండేళ్లయింది, రెండు ఎనిమిదయ్యాయి. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు ఆ ఫైలు ఇస్తే అన్న అమ్మకాలూ లాభాలూ అప్పులూ మొత్తం తమ్ముడి చేతిలో పడతాయి.

ఒక్క అదే అయితే ఎలాగో తంటాలు పడి విడదీసేది. మధ్యలో ఇంకోటి ఉంది.

విడిపోయిన రెండో ఏడు ఫ్రేములాయనకు పని సరిగ్గా దొరకలేదు. అద్దె కట్టలేకపోయాడు. మేడ మీద ఉండే, ఆ కొట్లు అద్దెకిచ్చిన ఇంటావిడ రెండు నెలలు చూసి ఖాళీ చేయమంది. ఆ సంగతి గోడకు ఇవతల అద్దాలాయన చెవిన పడింది. మరునాడు పద్దులక్క బిల్లుల కోసం వెళితే, బిల్లులతో పాటు ఒక కవరు ఆమె సంచిలో వేశాడు. అది ఇంటావిడకు ఇచ్చి తమ్ముడి పేరున రసీదు తీసుకోమన్నాడు. "నాదని తెలిస్తే కొట్టయినా మూసేస్తాడు గానీ ముట్టుకోడు. నువ్వు నోరు విప్పకు," అన్నాడు. ఆమె సరేనంది. అలా పదకొండు నెలలు. ఇంటావిడ జాలిపడి ఊరుకుందని ఫ్రేములాయన అనుకున్నాడు. ఆ కృతజ్ఞతతో ఆవిడ మనవలూ మనవరాళ్ల ఫొటోలన్నిటికీ ఊరికే ఫ్రేములు కట్టి ఇచ్చాడు. ఆవిడా మాట్లాడకుండా పుచ్చుకుంది.

పద్దులక్క అబద్ధం రాయలేదు. ఫైలు ఒకటే కాబట్టి ఒక శాఖ నుంచి తీసి ఇంకో శాఖ అద్దెకింద వేసి, అన్న దగ్గర చేబదులు అని పదకొండుసార్లు రాసింది. ఏడాది చివర ఫ్రేములాయన సంతకం పెట్టే కాగితంలో చేబదుళ్లు అని ఒక మొత్తం ఉండేది. ఎవరి దగ్గర అని ఆయన అడగలేదు. ఆమె పెన్సిలుతో గుర్తుపెట్టిన చోట సంతకం పెట్టి, అక్కా నీకో దండం అని కాగితం వెనక్కి ఇచ్చేసేవాడు.

రెండ్రోజుల తర్వాత ఆమె కాగితాలు పద్నాలుగు కట్టలు కట్టి రిక్షాలో పంపింది. ఫైలు పంపలేదు. కంప్యూటరు మొరాయిస్తోందంది. తర్వాత కరెంటు లేదంది. నాలుగోసారి ఫ్రేములాయన విసుగ్గా ఫోను పెట్టేశాడు. ఆ మర్నాడు అకౌంటెంటే ఇంటికొచ్చాడు.

నలభైలోపు మనిషి. చెప్పులు గుమ్మం బయట జతగా విడిచి లోపలికి వచ్చాడు. దబాయిస్తాడనుకుంది. ఆయన మంచినీళ్లు తాగి, పద్నాలుగు కట్టలూ చూశానమ్మా, అంత శుభ్రంగా ఎవరూ ఇవ్వలేదు అన్నాడు. దాంతో ఆమెకు అబద్ధమాడే దారి కూడా మూసుకుపోయింది.

"ఫైలు ఎవరిదంటారు?" అని ఆమే అడిగింది.

"బిల్లులు ఆయనవి. వాటిని చూసి మీరు ఎక్కించిన పద్దులు కూడా ఆయనవే. డబ్బిచ్చి రాయించుకున్నారు కదా. మీ గుర్తు కోసం మీరు విడిగా రాసుకున్నవేమైనా ఉంటే అవి మీవి."

"అందులో ఇంకొకరివి కూడా కలిసుంటే?"

అకౌంటెంటు గ్లాసు కింద పెట్టాడు. "అలా ఉండకూడదు కదండీ."

"ఉండకూడదు," అని ఆమె ఒప్పుకుంది.

ఆయన ఇంకేమీ తరిచి అడగలేదు. విడదీసి ఇవ్వమన్నాడు. తాను ఆగుతానన్నాడు, బ్యాంకు మాత్రం ఆగదన్నాడు. ఇంకా పదకొండు రోజుల గడువుంది.

ఆయన వెళ్లాక వాలుకుర్చీలోంచి భర్త పేపరు దించాడు. "ఇరవై తొమ్మిదేళ్లు టికెట్లు కొట్టా. దిగేవాడు తన టికెట్టు పట్టుకుని దిగిపోతాడు. టికెట్టు నాది, ఇచ్చి దిగమని నేనెప్పుడూ అనలేదు. ఇచ్చేయరాదూ?"

"ఒకే టికెట్టు మీద ఇద్దరు ఎక్కితే?"

"అయితే ఇద్దరూ ఒకే చోట దిగాలి," అని ఆయన మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. విషయమేంటని అడగలేదు. అడిగినా చెప్పదని ఆయనకు తెలుసు.

ఆలోగా ఫ్రేములాయన భార్య మందులషాపులో నిలబడి నలుగురూ వినేలా అనాల్సింది అనేసింది. కొత్తాయన దగ్గరికి పోతున్నామని కడుపుమంట, మా పుస్తకాలు పట్టుకుని కూర్చుంది, అప్పు రాకపోతే ఆమెదే పాపం అని. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా మాట వీధి ఆ చివరకు చేరింది. మర్నాడు చెప్పులకొట్టాయన డబ్బా అందిస్తూ, మా ఫైలు కూడా నీ దగ్గరే కదక్కా, ఒక కాపీ ఇస్తావా, ఊరికే దగ్గర పెట్టుకుంటా అన్నాడు. ఊరికే అన్నమాటే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. తాళాలాయన మాత్రం అక్కా అని మామూలుగానే పిలిచాడు. కానీ బిల్లులు మేకు నుంచి తీసేటప్పుడు ఒకసారి లెక్కపెట్టి ఇచ్చాడు. ఆయన ఇదివరకెన్నడూ లెక్కపెట్టలేదు.

ఆ వారమంతా ఆమె పొద్దున్నే లేచి, కొట్లు తెరిచే వేళ దాకా విడదీసే పని పెట్టుకుంది. ఫ్రేములాయన పేరున కొత్త ఫైలు తెరిచి, కర్రలు, మేకులు, జిగురు, కూలి, అమ్మకాలు అన్నీ ఒక్కో ఏడాదివి కొత్తదాంట్లోకి ఎక్కించింది. కళ్లు లాగాయి, వేళ్లు లాగాయి. ఏడేళ్ల లెక్క ఎక్కడికక్కడ కూర్చుంది. రెండో ఏడు దగ్గరికొచ్చేసరికి పదకొండు పద్దులు ఎటూ పోకుండా మిగిలాయి. అద్దె కట్టినట్టు రసీదులున్నాయి. కట్టిన డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో రాయాలి. ఖాళీగా వదిలితే లెక్క కలవదు. అద్దె తీసేస్తే రసీదులు ఒప్పుకోవు. ఎవరో ఒకరి పేరు రాయాలి.

ఆమె తన పేరు రాసింది. మొదటి నెల పద్దు, పద్దులక్క దగ్గర చేబదులు. లెక్క టక్కున కలిసింది. ఎవరికీ నష్టం లేదు, అద్దాలాయన మాట నిలబడుతుంది, ఫైలు ఇచ్చేయవచ్చు. మిగతా పది పద్దులూ అలాగే రాయడానికి పావుగంట పట్టదు. కానీ ఫ్రేములాయన మొహం కళ్లముందుకొచ్చింది. ఆయన ఎప్పుడో ఒకప్పుడు డబ్బు కట్ట పట్టుకుని, ఇన్నాళ్లూ చెప్పలేదేం అక్కా అంటూ గుమ్మంలో నిలబడతాడు. అప్పుడు తను పుచ్చుకోవాలి, లేదా ఇంకో అబద్ధం ఆడాలి. రాసేటప్పుడు మొహం గుర్తు తెచ్చుకోవద్దని గుమాస్తా చెప్పాడు గానీ, తెచ్చుకోవడమే మంచిదైంది. ఆమె తన పేరు చెరిపేసి లేచింది.

ఆ ఉదయం బిల్లులకు ముందుగా అద్దాలకొట్టుకే వెళ్లింది. అద్దాలాయన బల్ల మీద అద్దం పరిచి కొలత పెడుతున్నాడు. ఆమె గోడవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించి, రెండు కొట్లూ ఒకే ఫైల్లో ఉంచడం తన తప్పేనని ముందు ఒప్పుకుంది. తర్వాత పదకొండు పద్దుల సంగతి చెప్పింది.

"తీసెయ్," అన్నాడు ఆయన.

"తీస్తే లెక్క కలవదు."

"నీ పేరు వేసుకో."

"వేశా. మళ్లీ తీసేశా."

ఆయన కొలతబద్ద పక్కన పెట్టాడు. "ఆ రోజు నోరు విప్పనని మాటిచ్చావు. గుర్తుందా?"

"ఆరేళ్లు విప్పలేదు. ఇప్పుడు కూడా నోటితో చెప్పను. కానీ అది వాడి కొట్టు పద్దు. వాడి అద్దె, వాడి పేరున రసీదు. వాడికి తెలియకుండా నువ్వూ నేనూ దాచాం ఇన్నాళ్లు. ఇప్పుడు వాడి లెక్క వాడు అడుగుతున్నాడు. ఇందులో ఇది ఇస్తా, ఇది ఇవ్వనంటానికి నేనెవర్ని?"

"అంటే ఇచ్చేస్తానంటావు."

"అడగడానికి రాలేదు. ముందుగా నీకు చెప్పి ఇద్దామని వచ్చా. నీ పద్దులు ఒక్క ముక్క కూడా అందులోకి పోవు. నీ పేరు మాత్రం పోతుంది."

అద్దాలాయన మళ్లీ అద్దం మీదికి వంగాడు. నా పద్దులు కూడా మెయిన్‌రోడ్డాయనకే ఇస్తా అని గొణిగాడు. ఆ ఆఫీసు అద్దం తలుపు బిగించింది ఆయనే, దాని బాకీ ఇంకా వసూలు కాలేదు. ఆ మాట ఆమె పైకి అనలేదు. ఇష్టం నీది, ఫైలు అడిగిన రోజే ఇస్తా అని, బిల్లులు తీసుకుని వచ్చేసింది.

ఇరవై ఎనిమిదో తారీఖున ఆమె పెన్‌డ్రైవు పట్టుకుని మెయిన్‌రోడ్డు ఆఫీసుకు వెళ్లింది. ఫ్రేములాయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మొహం చెల్లలేదో ఏమో, లేచి నిలబడ్డాడు. ఆమె ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఇచ్చినవన్నీ వరసగా రాసుకొచ్చింది, కట్టలు పద్నాలుగు, బ్యాంకు పుస్తకాలు మూడు, అద్దె రసీదుల పుస్తకం ఒకటి, ఎనిమిదేళ్ల ఫైలు ఒకటి. ముట్టినట్టు సంతకం పెట్టమంది. ఫ్రేములాయన అలవాటు కొద్దీ పెన్సిలు గుర్తు కోసం వెతికాడు.

"ఈసారి చదివి పెట్టు," అంది.

ఆయన చదివి పెట్టాడు. ఆమె సంచిలోంచి తొంగిచూస్తున్న చిన్న నోటుపుస్తకం వైపు చూసి, అది కూడా మాదేనేమో అన్నట్టు అకౌంటెంటు వైపు తిరిగాడు. అందులో ఎవరిని ఏ రోజు ఏమడగాలో ఆమె తనకోసం రాసుకున్న గుర్తులుంటాయి. అకౌంటెంటు తల అడ్డంగా ఊపాడు. "అది అమ్మగారిది." ఆ ఒక్కమాటకు ఆమెకు ఆ మనిషి మీద మిగిలిన కాస్త కోపం కూడా పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఫ్రేములాయన ఆమె ఇంటికొచ్చాడు. చేతిలో రెండు కాగితాలు. వాలుకుర్చీలో భర్త ఉన్నాడని కూడా చూసుకోలేదు. గుమ్మంలోనే నిలబడి మొదటి కాగితం చూపించాడు. పదకొండు వరసలు, ప్రతి వరసలో అన్న పేరు.

"ఇది నిజమేనా అక్కా?"

"నేను రాసిందే."

ఆయన ఆ వరసల మీద వేలు పెట్టి కిందిదాకా లాగాడు. "పదిహేడు ఫ్రేములు," అన్నాడు చివరికి. "ఆవిడకి పదిహేడు ఫ్రేములు ఊరికే కట్టిచ్చానక్కా. బంగారు అంచువి."

వాలుకుర్చీలో పేపరు వెనక ఒక దగ్గు వినిపించింది. పద్దులక్క నవ్వు ఆపుకుని కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. ఎందుకు చెప్పలేదని అడుగుతాడనుకుంది, అడగలేదు. ఎవరు చెప్పనివ్వలేదో ఆ పదకొండు వరసలే చెప్పేశాయి కాబోలు. రెండో కాగితం ముందుకు చాపాడు. ఇంత చేబదులు ఉంటే ఇచ్చినవాడి దగ్గర సంతకం చేయించుకురమ్మన్నాడట అకౌంటెంటు. ఫలానా మొత్తం ఇచ్చాను, ఇంకా రావాల్సి ఉంది అని. అది లేకపోతే బ్యాంకు ఒప్పుకోదట. రేపే ఆఖరు రోజు.

"రేపు పొద్దున బిల్లులకు వెళ్తావు కదా. అన్నయ్య దగ్గర సంతకం పెట్టించుకొస్తావా?"

ఎనిమిదేళ్లలో ఆయన నోట అన్నయ్య అనే మాట ఆమె వినలేదు. గోడవతలవాడు అనే అనేవాడు. ఆ మాటకు ఆమె చెయ్యి కాగితం అందుకోవడానికి దాదాపుగా లేచింది. వెనక్కి తీసుకుంది.

"నీ పద్దులు నేనిప్పుడు రాయడం లేదు కదా, నాయనా. నీ కాగితం నువ్వే పట్టుకెళ్లు."

ఆయనకు కోపమొచ్చినట్టుంది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు. మరీ గట్టిగా అన్నానా అని భర్తను అడిగింది. దిగిపోయినవాడి మూట కండక్టరు మొయ్యడు అన్నాడు ఆయన.

మర్నాడు ఆమె అద్దాలకొట్లో చెక్కపెట్టె మీద కూర్చుని బిల్లులు సర్దుకుంటుండగా మెట్ల మీద అలికిడైంది. ఫ్రేములాయన లోపలికొచ్చి నిలబడ్డాడు. పెద్దాయన అప్పుడే వజ్రపు కలంతో అద్దం మీద గీత మొదలుపెట్టాడు. గీత మధ్యలో ఆపితే అద్దం వంకరగా పగులుతుంది. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టి చిన్నవాడు నోరు మెదపకుండా ఆగాడు. గీత చివరిదాకా వచ్చింది. పెద్దాయన అంచు మీద చిన్నగా తట్టాడు, ముక్క విడిపోయింది. అప్పుడు తలెత్తాడు.

"సంతకం కావాలి," అన్నాడు తమ్ముడు.

"దేనికి?"

"అద్దెకి. పదకొండు నెలలది."

పెద్దాయన కాగితం తీసుకుని దూరంగా పట్టుకుని చదివాడు. చదివి వెనక్కి ఇచ్చేశాడు. "ఇది అప్పని ఉంది. నేను అప్పివ్వలేదు."

"మరేమిచ్చావు?"

"ఏదో ఒకటి. అప్పు మాత్రం కాదు. అప్పని సంతకం పెట్టను."

"పెట్టకపోతే బ్యాంకు ఇవ్వదు."

"అయితే యంత్రం కొనకు."

"ఆ మాట ఎనిమిదేళ్ల కిందటే అన్నావు."

"ఇప్పుడూ అదే అంటున్నా. చేతిరంపంతో నాన్న మనల్నిద్దర్నీ పెంచలేదా?"

"నాన్న నడుం ఎలా పోయిందో మర్చిపోయావా? రంపం ముందు కూర్చునే పోయింది."

పెద్దాయన బల్ల మీది గాజుపొడి బ్రష్షుతో ఊడవసాగాడు. చిన్నవాడు పక్కనున్న డబ్బా పట్టాడు. పొడి అందులో పడింది. ఇద్దరూ అది గమనించినట్టు లేరు.

"తిరిగి తీసుకుంటేనే యంత్రం కొంటా," అన్నాడు తమ్ముడు. "నెలకింత చొప్పున. లేకపోతే ఆ అప్పూ వద్దు, ఈ అప్పూ వద్దు."

"బెదిరిస్తున్నాడు చూడక్కా," అని పెద్దాయన పద్దులక్క వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఇది అప్పా, కాదా?"

"చెప్పక్కా," అన్నాడు చిన్నవాడు కూడా.

ఆమె బిల్లులకు క్లిప్పు పెట్టింది. "నేను చేబదులని రాశా. ఆ రోజు నాకు అదే తోచింది. ఇంకోలా మార్చాలంటే ఇద్దరూ కలిసి ఒక్క మాట చెప్పండి. అక్కడ అకౌంటెంటు మారుస్తాడు, ఇక్కడ నేను మారుస్తా. చెరో మాటా చెబితే మాత్రం నా పుస్తకంలో ఉన్నదే ఉంటుంది."

పెద్దాయన పెన్ను కోసం చొక్కా జేబు తడుముకున్నాడు. దొరకలేదు. చిన్నవాడు చెవి వెనకనుంచి పెన్సిలు తీసి ఇవ్వబోయి, పెన్సిలు పనికిరాదు, బ్యాంకుకి అన్నాడు. పద్దులక్క తన పెన్ను బల్ల మీద పెట్టింది. పెద్దాయన కాగితం మీదికి వంగి, సంతకం పెట్టే ముందు కింద వడ్డీ లేదు, గడువు లేదు అని రాశాడు. గడువు లేదంటే ఎలా, కొట్టెయ్ అన్నాడు చిన్నవాడు. కొట్టనన్నాడు పెద్దాయన. రెండేళ్లన్నాడు ఒకడు, పదేళ్లన్నాడు ఇంకొకడు.

అది తేలేలా లేదు. తాళాలకొట్టు తెరిచే వేళయింది. పెన్ను మళ్లీ తీసుకోవచ్చులే అని ఆమె సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

పక్కన ఫ్రేములకొట్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒకావిడ పాత ఫొటో ఒకటి గుడ్డలో చుట్టి పట్టుకుని లోపలికీ బయటికీ చూస్తోంది. కొట్టాయన ఎక్కడికి పోయాడో తెలుసా అని పద్దులక్కను అడిగింది.

"పక్క కొట్లో ఉన్నాడు," అంది పద్దులక్క. "కొంచెం ఆలస్యమవుతుంది. స్టూలుంది, కూర్చోండి."